గంజి చెంబు వాతలు

చెంబు కింద పడిన చప్పుడు వినగానే తల్లి ఇస్త్రీపెట్టెను ఎత్తి పక్కన నిలబెట్టింది. ఎవరు పడేశారో చూడనక్కర్లేదు. గచ్చు మీద గంజి చిక్కగా పాకుతూ, బల్ల కింద మడతపెట్టి ఉంచిన తెల్లదుప్పట్ల వైపే వెళ్తోంది. ఆమె ఒక కాలితో దుప్పట్ల మూటను వెనక్కి నెట్టి, గంజికి అడ్డంగా తడిగుడ్డ విసిరింది. ఆ తర్వాతే కూతురి వైపు చూసింది.

పిట్ట గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పిల్ల మరీ సన్నగా ఉందని నాయనమ్మ పెట్టిన పేరది. బడిలో కూడా అదే స్థిరపడింది. ఆ పిల్ల కుడిచెయ్యి భుజం దగ్గర్నించి ఒక్కసారి ఎగిరింది. వేళ్ళు విచ్చుకుని మళ్ళీ ముడుచుకున్నాయి. మూతి ఒక పక్కకి లాగినట్టయి, నాలుక కొస బయటికొచ్చి లోపలికి జారిపోయింది.

"ఎవర్నే వెక్కిరిస్తున్నావు?" అంది తల్లి.

"ఎవర్నీ లేదమ్మా."

"మళ్ళీ!"

"నేను చెయ్యట్లేదమ్మా. అదే వస్తోంది."

గుమ్మం దగ్గర పీట వేసుకుని చొక్కాకి గుండీ కుడుతున్న నాయనమ్మ సూది ఆపలేదు. "అదే వస్తోందట! మన మాట వినడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు దాని చెయ్యి దాని మాట కూడా వినట్లేదట, పాపం" అంది.

ఇంటి ముందుగది వాళ్ళకి ఇస్త్రీ దుకాణం. వెనకగదిలో కాపురం. రెండు గదులకీ మధ్య పొయ్యి, దాని మీద పొద్దున్నించి సాయంత్రం దాకా గంజి డేగిసా. ఎదురు వీధిలోని లాడ్జి దుప్పట్లూ దిండు గలీబులూ వీళ్ళ దగ్గరికే వస్తాయి. తండ్రి సైకిలు మీద వాటిని తెస్తాడు, ఇచ్చి వస్తాడు. గుండీలూ నాడాలూ నాయనమ్మ చూసుకుంటుంది. బడి లేనప్పుడు గలీబుల మీద నీళ్ళు చిలకరించడం, వేడి గంజిని చెంబుతో ముంచి తొట్టెలో పొయ్యడం పిట్ట పని.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. బట్టను ఎవరు పాడుచేస్తే వాళ్ళే దాన్ని తిరిగి ఉతికి, మేడ మీదికి మోసుకెళ్ళి ఆరవెయ్యాలి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఈ తల్లి కూడా మోసింది. మేడంటే మూడంతస్తుల పైన, అందరూ వాడుకునే డాబా.

మూటలో కింది దుప్పటి అంచు గంజిలో తడిసింది. నాయనమ్మ చూపుడువేలు పైకెత్తి చూపించింది. నోటితో చెప్పే అవసరం కూడా లేదు.

పిట్ట ఉతికిన తడిదుప్పటిని రెండు చేతులా గుండెకి అదుముకుని మెట్లెక్కింది. తల్లి ఇస్త్రీ చేస్తూనే వింటోంది. మొదటి అంతస్తు దాకా అడుగులు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. చాలాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి.

"మధ్యలో కూర్చుంది మహారాణి" అంది నాయనమ్మ, దారం పళ్ళతో తెంపుతూ.

దిగి వచ్చేసరికి పిల్ల పెదవులు పాలిపోయి ఉన్నాయి. గౌను ముందుభాగమంతా తడి. జలుబు చేస్తే మళ్ళీ అదొక తద్దినమని, తల్లి పొయ్యి దగ్గరికి లాగి గౌను విప్పింది. పొడి బట్ట కోసం చెయ్యి చాచి, అలాగే ఉండిపోయింది.

పొట్ట మీద, పక్కటెముకల మీద గులాబిరంగు వలయాలు. అంచు మాత్రం కాస్త ఉబ్బి ఎర్రగా ఉంది. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. ఒకటి పూర్తి గుండ్రం, మిగతావి సగం సగం, ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నాయి.

"అత్తయ్యా, ఇది చూడండి."

నాయనమ్మ లేచి వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసి, కోడలి ముంజేతిని పట్టుకుని పిల్ల పొట్ట పక్కన పెట్టింది. కోడలి ముంజేతి మీద గంజి చెంబు అంచు తగిలిన పాత వాత ఒకటి, మొన్నటిది ఒకటి ఉన్నాయి. ఈ పని చేసేవాళ్ళందరికీ అవి ఉంటాయి. వేడి గంజిలో మునిగి తేలిన చెంబు, ఏమరపాటున ఒంటికి ఆనితే అచ్చంగా ఇలాగే గుండ్రంగా అచ్చుపడుతుంది. తేలిగ్గా తగిలితే సాయంత్రానికి మాయమవుతుంది కూడా.

"చెంబు" అంది నాయనమ్మ. "బడి ఎగ్గొట్టడానికి కాల్చుకుంటోంది. ఈ తెలివి చదువు మీద పెడితే ఈపాటికి మనల్ని ఉద్ధరించేది."

"నేను కాల్చుకోలేదు!"

"నొప్పిగా ఉందా?" అంది తల్లి.

"లేదు."

"దురదా?"

"ఏం లేదమ్మా. ఉన్నట్టే తెలీదు."

నాయనమ్మ నవ్వింది. "కాలిందట, కానీ నొప్పి లేదట. ఒసేయ్, అబద్ధమాడేటప్పుడైనా కాస్త ఏడవాలే."

పిట్ట నిజంగానే ఏడ్చింది. ఈ మధ్య ఆ పిల్లకి ఏడుపూ నవ్వూ రెండూ గుమ్మంలోనే కాచుక్కూర్చుంటున్నాయి. ఏడుస్తూ ఏడుస్తూనే ముఖం వంకర తిప్పింది. తల్లి చెయ్యి తనకి తెలియకుండానే లేచి, చెంప మీద పడింది.

సాయంత్రం తండ్రి వచ్చాక గౌను ఎత్తి చూపిస్తే ఒంటి మీద ఏమీ లేదు.

"ఏదీ?" అన్నాడు.

"పొద్దున ఉన్నాయి."

"లేని వాతల కోసం ఇంత గొడవా?" అని ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ చెంబును తీసి అటక మీద, తనకి తప్ప ఎవరికీ తోచని మూలలో పెట్టింది.

*

మర్నాడు బడి నుంచి కబురొచ్చింది. తల్లి చీరకొంగుతో చెమట తుడుచుకుంటూ వెళ్ళింది. తరగతిగది కిటికీ దగ్గరే ఆగిపోయింది, లోపల్నించి నవ్వులు వినపడుతుంటే.

పిట్ట నల్లబల్ల ముందు నిలబడి ఉంది, తరగతికి ఎదురుగా. టీచరు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

"ఇంకోసారి చెయ్యి" అంది టీచరు. "ఇందాక నేను వెనక్కి తిరగ్గానే చేశావు కదా, అదే. అందరికీ చూపించు. సిగ్గెందుకు?"

పిల్ల కదలకుండా ఉండాలని చూస్తోందని కిటికీలోంచి తల్లికి తెలుస్తోంది. గౌను కుట్టును రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. పెదవి కొరుక్కుంది. అయినా ఎడమభుజం ఎగిరింది, దాని వెంట మెడ తిరిగింది, కనుబొమ్మలు ఒక్కసారిగా పైకి లేచాయి. తరగతి ఘొల్లుమంది. వెనక బెంచీలో ఇద్దరు లేచి నిలబడి అచ్చం అలాగే చేశారు. వాళ్ళని చూసి పిట్ట కూడా నవ్వేసింది. ఆ నవ్వే ఆ పిల్ల కొంప ముంచింది.

"చూశారా?" అంది టీచరు, అప్పుడే తల్లిని గమనించి. "మీరే చూశారు కదా. భయం, భక్తీ ఏమన్నా ఉన్నాయా? మొన్నమొన్నటిదాకా ముత్యాల్లాంటి రాత. ఇప్పుడు కోడి గెలికినట్టుంది. పలకమంటే ముద్దముద్దగా అంటుంది, నోట్లో ఏదో పెట్టుకున్నట్టు. పక్కపిల్ల మీద రెండుసార్లు సిరా ఒలకబోసింది. వెనకాలవాళ్ళంతా దీన్ని చూసే నేర్చుకుంటున్నారు."

"ఇంట్లో కూడా ఇలాగే చేస్తోందండీ."

"గారాబం చేసి ఉంటారు."

తల్లికి నవ్వొచ్చింది. అది నవ్వే సమయం కాదని తలొంచుకుంది.

"బాగుపడ్డాక పంపించండి" అంది టీచరు. "అప్పటిదాకా వద్దు. మిగతా పిల్లల్ని నేను కాపాడుకోవాలి."

దారిలో తల్లి కూతురి రెక్క పట్టుకుని నడిపించింది. పిట్ట కాళ్ళు తిన్నగా పడటం లేదు. ఒక అడుగు సరిగ్గా వేస్తే, రెండోది ఎవరో తోసినట్టు పక్కకి పోతోంది. పాలబండివాడు సైకిలు ఆపి చూశాడు. సోడా దుకాణం ముందు కూర్చున్నవాళ్ళు మాటలాపి చూశారు.

"తిన్నగా నడు. లోకమంతా చూస్తోంది."

"నడుస్తున్నానమ్మా."

"ఇదా నడక?"

"కాళ్ళు నొప్పెడుతున్నాయమ్మా, ఎత్తుకోవా?"

"ఎత్తుకుంటా, పల్లకీ కూడా తెప్పిస్తా" అంది తల్లి. రెక్క మీద పట్టు బిగించి నడక వేగం పెంచింది.

*

మధ్యాహ్నం పిట్ట దుప్పట్ల మూట మీద తల పెట్టి, అలాగే నిద్రపోయింది. నాయనమ్మ పీట మీద నుంచి లేచి, పెదవుల మీద వేలు పెట్టుకుని కోడల్ని సైగతో పిలిచింది. ఇద్దరూ వంగి చూశారు.

చేతులు రెండూ నిశ్చలంగా ఉన్నాయి. వేళ్ళు సగం విచ్చుకుని దుప్పటి మీద వాలి ఉన్నాయి. ముఖం నున్నగా, ఏ ముడతా లేకుండా, పసిదానిలా ఉంది. ఎంతసేపు చూసినా ఒక్క వేలు కూడా కదల్లేదు.

"చూశావా?" అంది నాయనమ్మ గుసగుసగా. "నిజంగా జబ్బే అయితే నిద్రలో మాత్రం ఊరుకుంటుందా? నాకు మోకాలి నొప్పి నిద్రలో కూడా ఉంటుంది. నీకు నడుం నొప్పి ఉండట్లేదూ? దీని జబ్బుకి మాత్రం నిద్రలో సెలవు!"

తల్లికి అది నిజమే అనిపించింది. అనిపించడమే కాదు, గుండెల మీంచి బరువు దిగినట్టయింది. కొన్నాళ్ళుగా, ఇస్త్రీపెట్టె బరువుగా అనిపించినప్పుడల్లా, పిల్లకేదైనా అయిందేమోనన్న భయం లోపల పురుగులా తొలుస్తోంది. జబ్బయితే ఆస్పత్రీ మందులూ, పని మానుకుని తిరగడం. అల్లరైతే ఇంట్లోనే మాన్పించొచ్చు.

"ఏం చేద్దామంటారు?" అంది.

"చేతులు కట్టెయ్. ఆడించడం మర్చిపోయేదాకా."

నాయనమ్మ డబ్బాలోంచి గలీబులకి కుట్టే తెల్లనాడా మూర కొలిచి తెంపి ఇచ్చింది. పిల్ల లేచాక తల్లే కట్టింది. ముందు రెండు మణికట్లకీ చేతిరుమాలు మడతపెట్టి చుట్టింది, ఒరుసుకోకుండా. దాని మీద నాడా వేసి, సన్నపట్టు చీరల్ని మూటకట్టేటప్పుడు వేసినట్టు, లాగితే ఊడే ముడి వేసింది. పిట్ట ఎదురు చెప్పలేదు. ముడి పడుతున్నంతసేపూ ఆ వేళ్ళు తల్లి అరచేతిలో చేపపిల్లల్లా తన్నుకున్నాయి.

"బుద్ధిగా కూర్చుంటే సాయంత్రం విప్పుతా."

ఇస్త్రీబల్ల పక్కనే చిన్నపీట మీద కూర్చోబెట్టింది. పిల్ల కాసేపు నిజంగానే బుద్ధిగా ఉంది. తర్వాత భుజాలు ఎగరడం మొదలైంది. కాళ్ళు గచ్చును గీరాయి. లాడ్జి గలీబుల దొంతర అప్పుడే పూర్తయింది. ఒక్క కుదుపుకి ముడి జారిపోయి కుడిచెయ్యి గాల్లోకి ఎగిరింది. దొంతరంతా గచ్చు మీద పడింది.

"ముడెయ్యడం కూడా నేనే నేర్పాలా?" అంది నాయనమ్మ.

తల్లి గలీబుల్ని ఏరింది. దుమ్ము అంటుకున్నవి పక్కకి తీసింది. పిల్లని లేవదీసి వాటితో మేడ మీదికి పంపింది. వచ్చాక మళ్ళీ కట్టింది. ఈసారి చేతుల్ని వెనక్కి పెట్టి, జారని ముడి వేసింది. రుమాలు చుట్టడం మర్చిపోయింది.

పిట్ట గట్టిగా ఊపిరి పీలుస్తోంది. మెట్లు దిగి చాలాసేపైనా ఆ ఊపిరి తగ్గలేదు. గది పొయ్యి సెగకి ఉడికిపోతోంది. పిల్ల మెడ మీద చెమట చూసి, గాలి ఆడుతుందని తల్లి గౌను వీపు గుండీలు విప్పి, భుజాల దాకా జార్చింది. చెమట తుడిచింది. వీపు నున్నగా ఉంది, ఎముకల వరస కనబడుతూ.

తిరిగి ఇస్త్రీపెట్టె అందుకోబోతూ ఎందుకో మళ్ళీ చూసింది.

రెక్క ఎముక కింద ఎర్రటి చుక్క. ఇందాక లేదు. ఆమె చూస్తుండగానే ఆ చుక్క పెద్దదైంది. మధ్యలో రంగు వెనక్కి తగ్గి, అంచు మాత్రం ముందుకి పాకింది. పాత మరక ఇస్త్రీ వేడికి బట్టలోంచి ఎలా పైకి తేలుతుందో, అంత నింపాదిగా. దాని కింద ఇంకొకటి మొదలైంది.

పిల్ల చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి, ఆ వలయానికి జానెడు కింద. చెంబు అటక మీద ఉంది.

తల్లి వేలితో ఆ అంచును నొక్కింది. వేలి కింద రంగు పోయింది. వేలు తియ్యగానే వచ్చేసింది.

గుమ్మం వైపు చూసింది. నాయనమ్మ సూదిలోకి దారం ఎక్కించడానికి వెలుగుకేసి ఎత్తి చూస్తోంది. ఇటు చూడలేదు. తల్లి గౌను పైకి లాగి, గుండీలన్నీ ఒకటొకటిగా, మెడ దాకా పెట్టేసింది.

"అమ్మా, విప్పుతావా?"

"ఉండు."

ఇప్పుడు విప్పితే ఎందుకు విప్పావని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెప్తే నిన్న కొట్టిన దెబ్బా, ఎక్కించిన మెట్లూ అన్నీ ఒకేసారి తిరిగొచ్చి మీద పడతాయి. బల్ల మీద దుప్పటి సగంలో ఉంది. ఆమె దాన్ని పూర్తిచేసింది. అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు పెట్టింది. ఇంకో దుప్పటి తీసుకుంది. దాన్నీ పూర్తిచేసింది.

పిట్ట మళ్ళీ అడగలేదు.

*

"లాడ్జికి గలీబులిచ్చి వస్తా. ఇది ఇక్కడుంటే అన్నీ పడేస్తుంది, తీసుకెళ్తా" అంది తల్లి మర్నాడు పొద్దున.

తండ్రి సైకిలుకి గాలి కొడుతున్నాడు. భార్య చేతిలో గలీబుల మూట లేకపోవడం చూశాడు. "త్వరగా రా" అని మాత్రం అన్నాడు.

వీధి మలుపు తిరగ్గానే ఆమె పిల్లని చంకనెత్తుకుంది. పిట్ట ఆశ్చర్యపోయి ముఖంలోకి చూసి, తల భుజం మీద పెట్టేసింది. ఆ పిల్ల చెయ్యి దారంతా తల్లి వీపు మీద కొడుతూనే ఉంది.

ఆస్పత్రి వరండాలో చల్లగా ఉంది. నంబరు పిలిచేసరికి మధ్యాహ్నం కావచ్చింది. పిల్లల డాక్టరు పెద్దాయన, జలుబుతో ముక్కు చీదుకుంటున్నాడు. చుట్టూ తెల్లకోట్లలో చదువుకునే కుర్రాళ్ళూ అమ్మాయిలూ. ఆ కోట్లలో కొన్ని సరిగ్గా ఇస్త్రీ కాలేదని తల్లి కళ్ళు వాటంతట అవే చూసేశాయి.

"ఏమ్మా?"

"ఒంటి మీద గుండ్రంగా వాతల్లాంటివి వస్తున్నాయండీ." గౌను ఎత్తింది. ఏమీ లేవు. వెనక్కి తిప్పింది. ఏమీ లేవు. కుర్రాళ్ళలో ఒకడు పక్కవాడి వైపు చూసి నవ్వు దాచుకున్నాడు.

డాక్టరు వీపు వైపు చూడట్లేదు. పిల్ల చేతుల్నే చూస్తున్నాడు. రుమాలు జేబులో పెట్టుకుని, తన రెండు వేళ్ళు ముందుకి చాచాడు.

"పట్టుకో. గట్టిగా. వదలకు."

పిట్ట పట్టుకుంది. ఆ చిన్నపిడికిలి బిగిసి, సడలి, మళ్ళీ బిగిసింది.

"రండి, ఒక్కొక్కరే వచ్చి వేళ్ళివ్వండి" అన్నాడాయన. ఆ గొంతులో జలుబు పోయి హుషారొచ్చింది. "పాలు పితికినట్టుంది చూడండి. పుస్తకంలో చదివి ఏం లాభం? నాలుక చాపు తల్లీ. అలాగే ఉంచు. చూశారా, నిలబడదు, లోపలికి పారిపోతుంది. ఇంకోసారి చెయ్యి."

పిట్ట చుట్టూ చూసింది. అన్ని ముఖాలూ తన వైపే ఉన్నాయి.

"ఇంకోసారి. అందరికీ కనపడేలా."

"ఇంకెప్పుడూ చెయ్యనండీ" అంది పిట్ట. ఏడుపు ముంచుకొచ్చింది. "నిజంగా చెయ్యను. మేడ మీదికి పంపకండి."

ఎవరూ వినిపించుకోలేదు. డాక్టరు నర్సుని పిలిచి, వేడినీళ్ళలో తువ్వాలు ముంచి పిండి తెమ్మన్నాడు. పిల్లని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద పరిచాడు. "వేడి తగిలితేనే ఇవి పైకి తేలతాయి" అంటూ కాసేపాగి తీశాడు. వలయాలు ఒకదాని తర్వాత ఒకటి పూశాయి.

"అబ్బ! ఎంత బాగా వచ్చాయో" అన్నాడు నవ్వు దాచుకున్న కుర్రాడు.

తర్వాత డాక్టరు పిల్ల మోచేతులు వంచి చూపించాడు. చర్మం కింద శనగగింజల్లాంటివి గట్టిగా తగిలాయి. రోజూ గౌను తొడిగే తల్లి వాటిని ఎప్పుడూ చూడలేదు. ఆఖరికి వెల్లకిలా తిప్పి, ఛాతీ మీద గొట్టం పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు. ఆ హుషారు కాస్తా పోయింది. పక్కకి తప్పుకుని కుర్రాళ్ళకి చోటిచ్చాడు. వాళ్ళు వరసలో నిలబడి ఒక్కొక్కరే విన్నారు. పిట్ట ఏడుపు మానేసి పైకప్పు చూస్తూ పడుకుంది.

"చలికాలంలో గొంతు నొప్పి వచ్చిందా?"

"వచ్చిందండీ. అదే తగ్గింది."

"మోకాళ్ళ వాపు?"

"పెరిగే వయసు కదాని..."

"నిద్రపోయేటప్పుడు ఈ చేతులు ఆడటం ఆగిపోతుందా?"

తల్లి తలూపింది.

"ఆగిపోతుంది. అదే దీని గుర్తు" అన్నాడు డాక్టరు, ఆమెతో కాదు, కుర్రాళ్ళతో. మళ్ళీ ఆమె వైపు తిరిగి, "మెట్లెక్కితే ఆయాసపడుతోందా?"

తల్లి కిందికి చూసింది.

తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె పిట్ట మణికట్టు తిప్పి చూస్తోంది. ఎర్రగా, సన్నగా, నాడా నేత కూడా కనబడేలా గీత పడి ఉంది. "ఇది ఆ వలయం కాదు కదా సార్?" అంది.

"ఆడుకుంటూ కట్టుకుందండీ" అంది తల్లి వెంటనే.

ఆ అమ్మాయి పిల్లని అడిగింది. "అవునా? నువ్వే కట్టుకున్నావా?"

పిట్ట తల్లి ముఖంలోకి చూసింది. ఏం చెప్పాలో అక్కడ దొరికింది. "అవును. నేనే కట్టుకున్నా" అంది.

"రెండు చేతులూనా?"

ఆ అమ్మాయి మణికట్టును మెల్లగా బల్ల మీద పెట్టేసి వెనక్కి జరిగింది.

డాక్టరు చీటీ రాస్తూనే చెప్పాడు. గొంతులో మొదలైన జ్వరమే ఇదంతా. ఈ చేతులూ మూతీ ఆడటం కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది. వలయాలూ పోతాయి, వాటి గురించి బెంగ అక్కర్లేదు. "గుండె కవాటం దెబ్బతింది. అది మాత్రం వెనక్కి రాదు. ఇంకా చెడకుండా చూసుకోవడమే. పెద్దదయ్యేదాకా మూడు వారాలకోసారి ఇంజెక్షను, ఒక్కటి కూడా మానకూడదు. ఇవాళే చేర్చండి. మంచం దిగడానికి వీల్లేదు. నేనే చెప్పేదాకా అడుగు కింద పెట్టనివ్వకండి."

"ముందే తీసుకొస్తే..." అంది తల్లి.

ఆయన రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "ముందే తీసుకొస్తే ముందే విశ్రాంతి దొరికేది" అన్నాడు. తర్వాతి నంబరు పిలిచారు.

*

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. మంచానికి రెండు వైపులా ఇనప కమ్మీలున్నాయి. సాయంత్రం కబురందుకుని తండ్రీ నాయనమ్మా వచ్చారు. అప్పటికి పిట్ట నిద్రపోతోంది. చేతులు రెండూ పక్క మీద కదలకుండా ఉన్నాయి.

నాయనమ్మ మంచం పక్కన నిలబడి చూసింది. "అదుగో, చూడు..." అని అలవాటుగా మొదలుపెట్టింది.

"అదే గుర్తట అత్తయ్యా" అంది కోడలు. "నిద్రలో ఆగిపోవడమే జబ్బుకి గుర్తట."

నాయనమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచాక పెట్టుకోలేదు, చేతిలోనే ఉంచుకుంది. తండ్రి కమ్మీ మీద చెయ్యి వేసి, దాని పెచ్చులూడిన రంగును గోటితో గీకుతూ నిలబడ్డాడు. లాడ్జివాళ్ళకి ఏం చెప్పాలని అడగబోయి ఆగిపోయాడు. కాసేపటికి ఇద్దరూ పాలు తెస్తామని బయటికి వెళ్ళారు.

నర్సు పాత దుప్పట్లూ తెల్లటి పట్టీలూ తెచ్చి మంచం కాళ్ళ దగ్గర పడేసింది. "కమ్మీలకి ఇవి చుట్టి కట్టమ్మా. మెలకువొచ్చాక ఆ చేతులు ఇనుముకి కొట్టుకుని పగులుతాయి. మాకు చేసే తీరిక లేదు" అని వెళ్ళిపోయింది.

ఇది తల్లికి వచ్చిన పని. దుప్పటిని పొడుగ్గా నాలుగు మడతలు వేసి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసి, కమ్మీ చుట్టూ తిప్పింది. కుడివైపు ఐపోయింది. ఎడమవైపు కమ్మీకి చుట్టి, పట్టీని పళ్ళ మధ్య పట్టుకుని కొస వెతుకుతుండగా పిట్ట కళ్ళు తెరిచింది.

ముందు కిటికీని చూసింది. తర్వాత తల్లిని. తర్వాత తల్లి చేతిలోని పట్టీని.

"ఇంటికెళ్దామా?" అంది.

"వద్దమ్మా. ఇక్కడే పడుకోవాలి. మంచం దిగకూడదు."

"ఎన్నాళ్ళు?"

"డాక్టరు చెప్పేదాకా."

పిట్ట మూతి పక్కకి పోయి వచ్చింది. "ఇప్పుడేం పడేశానమ్మా?" అని అడిగింది.

"ఏం పడెయ్యలేదు. నువ్వేం చెయ్యలేదు. నీకు ఒంట్లో బాగాలేదు, అంతే."

పిల్ల నమ్మినట్టు తలూపింది. ఎదురు చెప్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఊపే తీరులో ఊపింది. రెండు చేతులూ పైకెత్తి, మణికట్లు ఒకదానికొకటి ఆనించి ముందుకి చాచింది. అవి గాలిలో ఎగురుతున్నాయి. ఒకదాన్నొకటి తప్పించుకుపోతుంటే మళ్ళీ మళ్ళీ తెచ్చి కలుపుతోంది.

"ఇది నీకు కాదే. మంచానికి" అంది తల్లి.

పిట్ట చేతులు దించలేదు.

"గట్టిగా వెయ్యమ్మా ముడి" అంది. "నిన్న ముందేసింది ఊడిపోయింది కదా."